ఒక్క మ్యాచ్‌తో "మట్టిబుర్ర" అయిపోయిన ఆటగాడు: ఫ్రెడ్ మెర్కిల్ కెరీర్ అసలు కథ

ఈరోజు ఎపిసోడ్ బేస్‌బాల్ గురించి. ఆగండి, ఆగండి, అప్పుడే స్క్రోల్ చేసేయకండి! బేస్‌బాల్ గురించి మీకు ఏమీ తెలియకపోయినా పర్వాలేదు. ఎప్పుడైనా గల్లీ క్రికెట్ ఆడి ఉంటే చాలు, మిగతాది నేను చెప్తాను.

ఈరోజు మనం మాట్లాడుకునే మనిషి పేరు ఫ్రెడ్ మెర్కిల్. 1888లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, వాటర్‌టౌన్ అనే ఊళ్లో పుట్టాడు. ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో పెరిగాడు. 1907లో, 18 ఏళ్లకే న్యూయార్క్ జెయింట్స్ జట్టులోకి వచ్చాడు. మేజర్ లీగ్స్‌లో 16 సీజన్లు ఆడాడు. 1,580 హిట్లు కొట్టాడు. ఐదు వరల్డ్ సిరీస్‌లు ఆడాడు. ఏ కాలంలో చూసినా ఇది మంచి కెరీర్ ఫ్రెండ్స్. 

కానీ బేస్‌బాల్ చరిత్ర తెలిసినవాళ్ల దగ్గర ఆయన పేరు ఎత్తి చూడండి. ఈ లెక్కలేవీ చెప్పరు. చెప్పేది ఒకటే పదం: "బోన్‌హెడ్". బుర్రలో మెదడు లేదు, అంతా ఎముకే అని. మన భాషలో మట్టిబుర్ర. ఈ పేరు పడింది 1908 సెప్టెంబర్ 23న, ఒక్క సాయంత్రం ఆటకి. అప్పటికి మెర్కిల్ వయసు 19. మనలో చాలామంది బీటెక్ సెకండ్ ఇయర్‌లో ఉండే వయసు.

ముందు రూల్ అర్థం చేసుకుందాం. ఒక్క నిమిషం ఓపిక పట్టండి, ఇది తెలియకపోతే కథ అర్థం కాదు.

బేస్‌బాల్ గ్రౌండ్‌లో నాలుగు మూలలు ఉంటాయి. హోమ్, ఫస్ట్, సెకండ్, థర్డ్. బ్యాటర్ హోమ్ దగ్గర నిలబడి కొడతాడు, ఒక్కో బేస్ దాటుకుంటూ చుట్టూ తిరిగి మళ్లీ హోమ్‌కి వస్తే ఒక రన్. ఒక ఇన్నింగ్స్‌లో ఒక్కో జట్టుకి మూడు ఔట్లు. మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్.

ఇప్పుడు ఫస్ట్ బేస్ మీద ఒక రన్నర్ ఉన్నాడు అనుకోండి. బ్యాటర్ బంతి కొట్టాడు. కొట్టినవాడు ఫస్ట్ బేస్‌కి వస్తాడు కాబట్టి, అక్కడున్నవాడు ఖాళీ చేసి సెకండ్ బేస్‌కి వెళ్లి తీరాలి. అతను చేరేలోపు ఫీల్డర్ బంతి పట్టుకుని సెకండ్ బేస్ తొక్కితే ఔట్. దీన్ని ఫోర్స్ ఔట్ అంటారు. అది గనక మూడో ఔట్ అయితే, అదే బంతికి ఇంకొకడు హోమ్‌కి చేరిపోయినా సరే, ఆ రన్ లెక్కలోకి రాదు. క్రికెట్‌లో రన్ తీస్తుండగా రనౌట్ అయితే ఆ పరుగు కలవదు కదా, దాదాపు అలాంటిదే.

సరే, రూల్ వచ్చేసింది. ఇక మ్యాచ్‌లోకి వెళ్దాం.

1908లో నేషనల్ లీగ్‌లో మూడు జట్ల మధ్య పోటీ నువ్వా నేనా అన్నట్టు నడుస్తోంది. న్యూయార్క్ జెయింట్స్, చికాగో కబ్స్, పిట్స్‌బర్గ్ పైరేట్స్. సీజన్ చివరికి వచ్చేసింది. సెప్టెంబర్ 23న న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో జెయింట్స్‌కీ కబ్స్‌కీ మ్యాచ్. జెయింట్స్ తరఫున రోజూ ఫస్ట్ బేస్ దగ్గర ఆడే ఫ్రెడ్ టెన్నీకి ఆరోజు నడుం నొప్పి. అందుకని బెంచ్ మీదున్న మెర్కిల్‌కి ఛాన్స్ వచ్చింది. ఆ సీజన్‌లో మొదటి నుంచీ జట్టులో ఆడటం అతనికి అదే ఫస్ట్ టైమ్.

స్కోరు 1-1. తొమ్మిదో ఇన్నింగ్స్, జెయింట్స్ బ్యాటింగ్, ఇద్దరు ఔట్. ఫస్ట్ బేస్ మీద మూస్ మెకార్మిక్ ఉన్నాడు. మెర్కిల్ బ్యాటింగ్‌కి వచ్చాడు. అంత ప్రెషర్‌లో 19 ఏళ్ల కుర్రాడు ఏం చేశాడో తెలుసా? హిట్ కొట్టాడు! మెకార్మిక్ థర్డ్ బేస్‌కి చేరాడు, మెర్కిల్ ఫస్ట్ బేస్ మీద నిలిచాడు. ఈ హిట్ గురించి తర్వాత ఎవరూ మాట్లాడలేదు, మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి.

తర్వాత అల్ బ్రిడ్‌వెల్ వచ్చి సెంటర్ వైపు బంతి కొట్టాడు. మెకార్మిక్ హోమ్‌కి చేరాడు. 2-1, జెయింట్స్ గెలిచేశారు! జనం అరుచుకుంటూ గ్రౌండ్‌లోకి దూకేశారు. ఆ రోజుల్లో మ్యాచ్ అయిపోగానే జనం గ్రౌండ్ మీదుగా వెళ్లడం మామూలే. ఆటగాళ్లు ఆ గుంపులో ఇరుక్కోకుండా అవుట్‌ఫీల్డ్ చివర ఉన్న క్లబ్‌హౌస్‌కి పరుగెత్తేవాళ్లు. మెర్కిల్ కూడా సెకండ్ బేస్ వైపు కొంత దూరం పరుగెత్తి, రన్ వచ్చేసిందని చూసి, పక్కకి తిరిగి క్లబ్‌హౌస్ వైపు వెళ్లిపోయాడు. సెకండ్ బేస్ తొక్కలేదు.

ఇక్కడే అసలు ట్విస్ట్. కబ్స్ సెకండ్ బేస్‌మన్ జానీ ఎవర్స్ ఇది గమనించాడు. బంతి ఇవ్వండి, బంతి ఇవ్వండి అని కేకలు. ఆ తర్వాత ఆ గందరగోళంలో ఏం జరిగిందనేదానికి ఎవరి వెర్షన్ వాళ్లది. జెయింట్స్ ఆటగాడు జో మెక్‌గినిటీ ఆ బంతిని లాక్కుని జనంలోకి విసిరేశాడు అని కొందరు. ఎవర్స్ చేతికి వచ్చింది అసలు ఆ బంతే కాదు అని ఇంకొందరు. ఏదైతేనేం, ఎవర్స్ ఒక బంతి పట్టుకుని సెకండ్ బేస్ తొక్కి అంపైర్ వైపు చూశాడు. అంపైర్ హ్యాంక్ ఓడే తీర్పు ఇచ్చాడు: మెర్కిల్ ఔట్, రన్ చెల్లదు. గ్రౌండ్ నిండా జనం, చీకటి పడుతోంది, ఆట కొనసాగించే దారి లేదు. మ్యాచ్ టై.

లీగ్ ప్రెసిడెంట్ హ్యారీ పుల్లియం అంపైర్ తీర్పునే సమర్థించాడు. సీజన్ ముగిసేసరికి జెయింట్స్, కబ్స్ ఇద్దరూ 98 గెలుపులు, 55 ఓటములతో సమానం! దాంతో ఆ టై అయిన మ్యాచ్‌ని అక్టోబర్ 8న మళ్లీ ఆడించారు. కబ్స్ 4-2తో గెలిచారు. వరల్డ్ సిరీస్‌కి వెళ్లి అదీ గెలిచారు. న్యూయార్క్ మొత్తం వేలు చూపించింది ఒక్కరి వైపే.

ఇప్పుడు కొంచెం నా పాత ఉద్యోగం భాషలో మాట్లాడతాను. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి "గిట్ బ్లేమ్" అనే కమాండ్ తెలుసు. కోడ్‌లో ఏ లైన్‌ని చివరిగా ఎవరు మార్చారో పేరుతో సహా చూపిస్తుంది. ప్రొడక్షన్‌లో ఏదైనా పగిలితే చాలామంది ముందు చేసే పని అదే. కానీ ఆ కమాండ్ చెప్పేది చివరిగా ముట్టుకున్నది ఎవరు అని మాత్రమే. ఎందుకు పగిలింది అనేది చెప్పదు. మెర్కిల్ కేసు ఇంకా విచిత్రం, ముట్టుకోనందుకు పేరు పడింది! సరే, మనం అక్కడ ఆగకుండా రూట్ కాజ్ చూద్దాం.

మొదటి విషయం, అలవాటు. రూల్ బుక్‌లో రూల్ ఉంది, అది నిజం. రూల్ ప్రకారం మెర్కిల్ బేస్ తొక్కాల్సిందే, అందులో డౌట్ లేదు. కానీ గెలుపు రన్ వచ్చాక ఫస్ట్ బేస్ మీదున్నవాడు మధ్యలోనే వెనక్కి తిరిగిపోవడం అప్పట్లో అందరూ చేసేదే. అంపైర్లు కూడా పట్టించుకునేవాళ్లు కాదు.

రెండో విషయం ఇంకా ఇంట్రెస్టింగ్. సరిగ్గా 19 రోజుల ముందు, సెప్టెంబర్ 4న, పిట్స్‌బర్గ్‌లో అచ్చం ఇలాగే జరిగింది. పైరేట్స్ ఆటగాడు వారెన్ గిల్ సెకండ్ బేస్ తొక్కకుండా వెళ్లిపోయాడు. ఎదుటి జట్టు అదే కబ్స్. అప్పీల్ చేసింది అదే జానీ ఎవర్స్. అంపైర్ కూడా అదే హ్యాంక్ ఓడే! ఆరోజు మాత్రం ఓడే ఔట్ ఇవ్వలేదు, తాను చూడలేదన్నాడు. కబ్స్ లీగ్‌కి ఫిర్యాదు చేశారు, దాన్ని కొట్టిపారేశారు. గిల్ పేరు ఈరోజు ఎవరికైనా గుర్తుందా? లేదు. అదే పని, అదే అంపైర్, అదే నెల. ఒకడికి ఏమీ కాలేదు, ఇంకొకడికి జీవితాంతం ముద్ర. రూల్ మారలేదు ఫ్రెండ్స్, దాన్ని అమలు చేయడం మారింది. ఆ మార్పు మొట్టమొదట తగిలింది ఒక 19 ఏళ్ల సబ్‌స్టిట్యూట్‌కి.

మూడో విషయం, మిగతా మ్యాచ్‌లు. ఆ తర్వాత జెయింట్స్ ఫిలడెల్ఫియా జట్టుతో ఆడారు. హ్యారీ కోవెలెస్కీ అనే కొత్త పిచర్ ఐదు రోజుల్లో మూడుసార్లు జెయింట్స్‌ని ఓడించాడు! ఆ మూడింటిలో ఒక్కటి గెలిచినా జెయింట్స్ కబ్స్ కంటే ఒక మ్యాచ్ ముందుండేవాళ్లు. పోనీ, అక్టోబర్ 8 రీప్లేలో బంతి వేసింది ఎవరనుకుంటున్నారు? ఆ సీజన్‌లో 37 మ్యాచ్‌లు గెలిపించిన క్రిస్టీ మాథ్యూసన్. ఆయన కూడా ఆరోజు కబ్స్‌ని ఆపలేకపోయాడు. ఆయన్ని ఎవరూ మట్టిబుర్ర అనలేదు, అనకూడదు కూడా. ఆటలో ఒక్కోరోజు అలా ఉంటుంది. ఆ మాట మెర్కిల్‌కి మాత్రం వర్తించలేదు.

మరి జట్టు ఏం చేసింది? ఇది నాకు ఈ కథలో బాగా నచ్చిన భాగం. జెయింట్స్ మేనేజర్ జాన్ మెక్‌గ్రా. కోపిష్టి మనిషి, అంపైర్లతో గొడవలు, నోటికొచ్చిన తిట్లు. బయటివాళ్లు ఆయన్ని "లిటిల్ నెపోలియన్" అనేవాళ్లు. అలాంటి మనిషి ఈ కుర్రాడిని ఒక్క మాట అనలేదు. తప్పు మెర్కిల్‌ది కాదని, ఆ సీజన్‌లో ఇంకా చాలా మ్యాచ్‌లు తామే పోగొట్టుకున్నామని బహిరంగంగా చెప్పాడు. తరువాతి సీజన్‌కి జట్టులో ఉంచుకున్నాడు, జీతం కూడా పెంచాడు. 1910 నుంచి ఫస్ట్ బేస్ రెగ్యులర్ స్థానం మెర్కిల్‌దే.

మెర్కిల్ కూడా ఆ నమ్మకాన్ని నిలబెట్టాడు. 1911, 1912, 1913, వరుసగా మూడేళ్లు జెయింట్స్ లీగ్ గెలిచారు, మూడేళ్లూ ఫస్ట్ బేస్ దగ్గర అతనే. 1911లో 12 హోమ్ రన్లు కొట్టాడు. బంతి సరిగ్గా ఎగరని, హోమ్ రన్లు చాలా అరుదుగా పడే ఆ కాలంలో అది మంచి నంబర్. అదే జట్టులో క్యాచర్‌గా ఆడిన చీఫ్ మేయర్స్ చాలా ఏళ్ల తర్వాత ఏం చెప్పాడంటే, మెక్‌గ్రా వ్యూహం విషయంలో ఎవరినైనా సలహా అడిగాడంటే అది మెర్కిల్‌నే అని. చూశారా? ఊరంతా మట్టిబుర్ర అంటున్న మనిషి, జట్టు లోపల అందరికంటే బుర్ర ఉన్నవాడు.

ఇక్కడ మామూలు మోటివేషన్ వీడియో అయితే మ్యూజిక్ పెంచి, "కష్టపడ్డాడు, గెలిచాడు, అందరి నోళ్లూ మూయించాడు" అని ముగించేస్తారు. నేను అలా ముగించలేను, ఎందుకంటే అది జరగలేదు.

1912 వరల్డ్ సిరీస్, చివరి మ్యాచ్, బోస్టన్ రెడ్ సాక్స్‌తో. పదో ఇన్నింగ్స్ మొదటి సగంలో జెయింట్స్‌ని 2-1తో ముందుకి తీసుకెళ్లిన హిట్ ఎవరిదో తెలుసా? మెర్కిల్‌దే. అక్కడితో గెలిచి ఉంటే అతని పేరు ఇంకోలా ఉండేది. కానీ రెండో సగంలో ఫ్రెడ్ స్నాడ్‌గ్రాస్ ఒక సులువైన క్యాచ్ వదిలేశాడు. తర్వాత ట్రిస్ స్పీకర్ కొట్టిన బంతి గాల్లోకి లేచి, మెర్కిల్, మాథ్యూసన్, మేయర్స్ ముగ్గురి మధ్యలో నేల మీద పడింది. నువ్వు పట్టు, నువ్వు పట్టు అనుకునే క్యాచ్ ఉంటుంది కదా, అది. జెయింట్స్ ఓడిపోయారు. స్నాడ్‌గ్రాస్‌తో పాటు మళ్లీ మెర్కిల్ పేరే పైకి వచ్చింది.

1916లో బ్రూక్లిన్ జట్టుకి మారాడు, ఆ ఏడాది వరల్డ్ సిరీస్ ఓటమి. 1917లో చికాగో కబ్స్‌కి వెళ్లాడు. అవును, అదే కబ్స్! 1918లో వాళ్లతో వరల్డ్ సిరీస్ ఆడాడు, అదీ ఓటమే. ఐదు వరల్డ్ సిరీస్‌లు, ఐదూ ఓటమి. 1920 దాకా కబ్స్‌తో, తర్వాత చిన్న లీగ్‌లో రోచెస్టర్ జట్టుతో, చివరగా 1925, 1926లో న్యూయార్క్ యాంకీస్‌తో కొన్ని మ్యాచ్‌లు. ఎక్కడికి వెళ్లినా స్టాండ్స్ లోంచి ఒకటే అరుపు: "సెకండ్ బేస్ తొక్కడం మర్చిపోకు!" బేస్‌బాల్ భాషలో "మెర్కిల్" అనేది ఒక క్రియాపదం కూడా అయిపోయింది, చేయాల్సింది చేయకుండా పోవడం అనే అర్థంలో. ఒక మనిషి పేరుని తిట్టుగా వాడటం ఎలా ఉంటుందో ఊహించండి.

మన క్రికెట్‌తో ఒక్కసారి పోల్చి చూడండి. 2022 ఆసియా కప్‌లో పాకిస్తాన్ మీద అర్ష్‌దీప్ సింగ్ ఒక క్యాచ్ వదిలేస్తే ఆ రాత్రి ఎంత ట్రోలింగ్ జరిగిందో మనందరికీ గుర్తుంది. వికీపీడియా పేజీ కూడా మార్చేశారు. 2024 టీ20 వరల్డ్ కప్‌లో అర్ష్‌దీప్ 17 వికెట్లు తీశాడు, ఇండియా గెలిచింది, అందరూ ఆ క్యాచ్ మర్చిపోయారు. హ్యాపీ ఎండింగ్. కానీ ఒక్కసారి ఆలోచించండి, ఆ ఫైనల్ మనం ఓడి ఉంటే? అర్ష్‌దీప్ శ్రమ అంతే, టాలెంట్ అంతే. మనం మర్చిపోయేవాళ్లమా? మెర్కిల్‌కి జరిగింది అదే. చేయాల్సినంత చేశాడు, చివర్లో ట్రోఫీ మాత్రం రాలేదు. "గెలిచి చూపించు, అందరూ నోరు మూస్తారు" అని మనం సులువుగా చెప్పేస్తాం. గెలుపు ఒక్కడి చేతిలో ఉండదు. ముద్ర వేయడం, వేయకపోవడం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది.

ఆ ముద్ర ఖరీదు ఎంతో చూడండి. ఆట మానేశాక మెర్కిల్ ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో స్థిరపడ్డాడు. అక్కడ ఒక చిన్న జట్టుకి మేనేజర్‌గా ఉన్నప్పుడు, తన సొంత ఆటగాడే ఒకడు "బోన్‌హెడ్" అన్నాడు. మెర్కిల్ వాదించలేదు, తిట్టలేదు. ఆ పని వదిలేసి వెళ్లిపోయాడు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ మాట అంత పదునుగా ఉంది. ఆ తర్వాత చాలా కాలం బేస్‌బాల్‌కి దూరంగా ఉన్నాడు, విలేకరులతో మాట్లాడటానికి ఇష్టపడలేదు. గ్రేట్ డిప్రెషన్ రోజుల్లో ప్రభుత్వ పనుల్లో కూలీగా చేశాడు. తర్వాత చేపల గాలాలకి కట్టే బెండ్లు తయారుచేసే వ్యాపారంలో భాగస్వామి అయ్యాడు.

ఆ రోజు బంతి కొట్టిన అల్ బ్రిడ్‌వెల్ ముసలివాడయ్యాక ఒక మాట అన్నాడు. ఆ హిట్ కొట్టకుండా తాను ఔటైపోయి ఉన్నా బాగుండేది, మెర్కిల్‌కి ఈ బాధ తప్పేది అని. జట్టుని గెలిపించాల్సిన హిట్ కొట్టినవాడు, ఆ హిట్ కొట్టకుండా ఉండాల్సింది అని కోరుకున్నాడు ఫ్రెండ్స్. దీనికంటే నేను ఇంకేం చెప్పను?

1950లో పోలో గ్రౌండ్స్‌లో పాత ఆటగాళ్ల కోసం ఒక వేడుక పెట్టారు. మెర్కిల్‌ని పిలిచారు. అన్నేళ్ల తర్వాత అతను మళ్లీ ఆ గ్రౌండ్‌లో అడుగుపెట్టాడు. ఈసారి జనం గట్టిగా చప్పట్లు కొట్టారు. అప్పటికి అతనికి 61 ఏళ్లు. 1956 మార్చి 2న డేటోనా బీచ్‌లో చనిపోయాడు.

ఆ చప్పట్లు మంచివే. కానీ 42 ఏళ్లు లేటు.

మనం ఎవరినైనా "వీడు అంతే" అని ఫిక్స్ చేసేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇదే పని ఇంతకుముందు ఇంకెవరైనా చేస్తే ఏమన్నాం? దీనికి ముందూ వెనకా ఇంకేం జరిగింది? ఆ మనిషి దగ్గరుండి పనిచేసినవాళ్లు అతని గురించి ఏం చెప్తున్నారు? 1908లో న్యూయార్క్ జనం ఈ మూడూ అడిగి ఉంటే వారెన్ గిల్ పేరు వచ్చేది, కోవెలెస్కీ పేరు వచ్చేది, మెక్‌గ్రా మాట వినపడేది. వాళ్ల దగ్గర పేపర్లు మాత్రమే ఉన్నాయి. మన చేతిలో ఫోన్ ఉంది, ఒక మీమ్ షేర్ చేయడానికి మనకి రెండు సెకన్లు చాలు. వెతికి చూడటానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు.

ఇంకొకటి. మీ ఆఫీసులోనో, కాలేజీ ప్రాజెక్ట్‌లోనో, మీ టీమ్‌లో జూనియర్ ఒకడు అందరి ముందూ తప్పు చేసి నిలబడ్డాడు అనుకోండి. మీరు స్టాండ్స్‌లో కూర్చుని అరిచేవాళ్లలా ఉంటారా, మెక్‌గ్రాలా ఉంటారా? మెక్‌గ్రా గొప్ప శాంతమూర్తేం కాదు. అయినా ఆ ఒక్క విషయంలో తన మనిషి పక్కన నిలబడ్డాడు. అందుకే 19 ఏళ్లకే ముగిసిపోవాల్సిన కెరీర్ 16 సీజన్లు సాగింది.

సరే ఫ్రెండ్స్, క్రీడల్లో ఇలాగే ఒక్క క్షణంతో ముద్ర పడిపోయిన ఆటగాళ్లు మీకు ఎవరైనా గుర్తొస్తే కామెంట్స్‌లో పేరు రాయండి. పేరుతో పాటు ఆ క్షణం కాకుండా వాళ్లు చేసిన ఇంకో మంచి పని కూడా రాయండి, అదే కండిషన్! నచ్చితే లైక్ చేయండి, క్రికెట్ చూస్తూ తిట్టుకునే మీ గ్యాంగ్‌కి షేర్ చేయండి.